మాక్బెత్: తలరాతా? తన చేతా?

షేక్స్పియర్ మహాకవి 1606 ప్రాంతంలో రచించిన మాక్బెత్ నాటకం గురించి ఒక మాట తరచు వింటుంటాము. మంత్రగత్తెలు జోస్యం చెప్పారు, అది జరిగి తీరింది, పాపం ఆ వీరుడు విధికి బలియైనాడు అని. ఈ అభిప్రాయం మాకు సమ్మతం కాదు.

మంత్రగత్తెలు చెప్పినదేమి? నీవు రాజువవుతావని మాత్రమే. రాజును చంపమని వారు ఒక్క మాటైనా అనలేదు. అదే చోట బాంకో కూడా జోస్యం విన్నాడు. అతని వంశంవారు రాజులవుతారన్నారు. ఆశ అతనికీ కలిగింది. కాని అతడు కత్తి పట్టలేదు. కవి ఈ కథను తీసుకొన్న హాలిన్షెడ్ చరిత్ర గ్రంథంలో బాంకో సైతం రాజహత్యలో భాగస్వామి. షేక్స్పియర్ దానిని మార్చాడు. నాటి రాజు మొదటి జేమ్స్ బాంకో వంశీయుడని ప్రతీతి గనుక, ఆయన మెప్పు కోసమే మార్చాడని విమర్శకులు అంటారు. కావచ్చు. అయినా ఆ మార్పే నాటకానికి ప్రాణం పోసింది. జోస్యం విన్నవారు ఇద్దరు, హంతకుడైనది ఒక్కడు. ఇక నేరం జోస్యానిదెట్లా అవుతుంది?

డంకన్ రాజు మాక్బెత్‌కు బంధువు, ప్రభువు, ఆ రాత్రి అతిథి. తలుపు వేసి కాపాడవలసినవాడే కత్తి దూశాడు. ఈ మూడు ధర్మాలను హత్యకు ముందు మాక్బెత్ తన నోటితోనే తలచుకొంటాడు. అంటే తెలిసి చేసిన ద్రోహమే.

మరొకటి గమనించండి. తనకు అనుకూలమైన జోస్యాన్ని మాక్బెత్ నమ్మాడు. బాంకో సంతతి రాజ్యమేలుతుందన్న జోస్యాన్ని మాత్రం హంతకులను పంపి చెరిపివేయబోయాడు. విధి తప్పదని నిజంగా నమ్మినవాడు చేసే పనేనా ఇది? బర్నం అడవి కదలి వచ్చేదాకా ఓటమి లేదన్న మాటకు మురిసిపోయాడు. సైనికులు కొమ్మలు నరికి చేతబట్టుకొని వచ్చేసరికి మోసపోయానని వాపోయాడు. రెండర్థాల మాటలో తనకు కావలసిన అర్థం ఏరుకొన్నది అతడే కదా!

నాల్గవ అంకం చదివితే మనసు కలచివేస్తుంది. మాక్‌డఫ్ ఇంగ్లండుకు పారిపోయాడని తెలిసి, అతని భార్యాబిడ్డలను చంపించాడు మాక్బెత్. ఏ మంత్రగత్తె చెప్పింది ఈ పని? ఆ వెంటనే వచ్చే ఘట్టంలో డంకన్ కుమారుడు మాల్కం, సహాయం కోరి వచ్చిన మాక్‌డఫ్‌ను సైతం నమ్మలేక, తానొక దుర్మార్గుడనని చెప్పి పరీక్షిస్తాడు. నిరంకుశుడు ప్రాణాలనే గాక మనుషుల నడుమ నమ్మకాన్ని కూడా చంపుతాడని ఇక్కడ తెలుస్తుంది.

ఈ కథ మన మారిషస్ దీవికి కొత్త కాదు. 2023లో దివంగతులైన దేవ్ వీరాసామి గారు 1981లోనే క్రియోల్ భాషలో ‘జెనెరాల్ మక్బెఫ్’ నాటకం వ్రాసి, సైనిక నియంతృత్వాన్ని రంగస్థలం మీదికి తెచ్చారు. పరిపాలన అనేది మనుషులు చేసే పని, దానికి మనుషులే జవాబు చెప్పాలి అన్న సంగతి అటువంటి రచనల వల్ల మనకు మరింత దగ్గరైంది.

చెరకు తోటల్లో నడుము వంచిన మన పెద్దలు ‘అంతా తలరాత’ అని నిట్టూర్చేవారు. వారిని మేము తప్పుపట్టము. బాధపడినవారు ఆ మాట అంటే అది ఓదార్పు. బాధపెట్టినవాడు అదే మాట అంటే అది సాకు. ఈ రెంటికీ గల తేడాను మాక్బెత్ నాటకం చక్కగా చూపుతుంది.

మన యువకులు ఎప్పుడైనా దీనిని తెలుగులో ప్రదర్శించ తలపెడితే, మంత్రగత్తెల వేషాల కంటె బాంకో పాత్ర మీద ఎక్కువ శ్రద్ధ పెట్టవలెనని మా మనవి.