హెడ్‌ఫోను కూడ వాద్యములోని భాగమే

గోడకు గోడ ఆనిన అపార్టుమెంట్లలో రాత్రి పది గంటలకు సయితము పియానో సాధన చేయగలుగుట డిజిటల్ పియానో వలన కలిగిన సౌకర్యము. మామూలు పియానోలో సుత్తి తీగను కొట్టగా, ఆ కదలిక కొయ్యపలకకు ప్రాకి, పలక గాలిని కదలించును. డిజిటల్ పియానోలో తీగయు లేదు, పలకయు లేదు. మెట్టు నొక్కినంతనే ధ్వని విద్యుత్సంకేతముగా వెలువడును. హెడ్‌ఫోను తగిలించినప్పుడు సాధారణముగా పెట్టెలోని స్పీకర్లు మూగవోవును. అప్పుడు కొయ్యపలక చేయవలసిన పని యంతయు హెడ్‌ఫోనే చేయవలెను. కనుక దానిని పాటలు వినుటకు కొను వస్తువుగా గాక, వాద్యములోని భాగముగా ఎంచి పరీక్షింపవలెను. అంగళ్లలో దానికి చెప్పు గొప్పలు ముఖ్యముగా మూడు: పౌనఃపున్యముల విస్తృతి, ధర, తీగ లేకుండుట. వీనిని వరుసగా చూతము.

పెట్టెపై "20 నుండి 20,000 హెర్ట్జులు" అని అచ్చువేసి యుండును. పియానోలోని 88 మెట్లలో అన్నిటికంటె క్రింది స్వరపు మూల పౌనఃపున్యము 27.5 హెర్ట్జులు; అన్నిటికంటె పైదానిది సుమారు 4,186. వాని అనుస్వరములు ఇంకను పైకి పోవుననుట నిజమే. అయినను కాగితముపై ఇంచుమించు ప్రతి హెడ్‌ఫోనును ఈ పరీక్షలో నెగ్గును. ఆ రెండు కొనల నడుమ ధ్వని ఎచ్చట ఎన్ని డెసిబెల్లు లేచుచున్నదో, ఎచ్చట పడిపోవుచున్నదో ఆ అంకెలు చెప్పవు. హైదరాబాదు నుండి విజయవాడకు బాట కలదని చెప్పి, నడుమనున్న గుంటల మాట దాచినట్లే యిది. సినిమా పాటలకు హుషారు తెచ్చుటకై మంద్రమును పెంచి చేసిన హెడ్‌ఫోనులు అనేకము. వానితో సాధన చేయు విద్యార్థికి ఎడమచేతి మోత ఎక్కువై, కుడిచేతి పాట మరుగునపడును. అతడు తెలియకయే ఎడమచేతిని తేలిక చేసికొనును. కొన్ని నెలల తరువాత పరీక్షలో అసలు పియానో ముందు కూర్చుండినప్పుడు ఆ ఎడమచేయి పలుకదు.

ధర ఎక్కువైనచో ఈ లోపము తీరునా? 2017 లో యెరూన్ బ్రేబార్ట్ అను పరిశోధకుడు 283 హెడ్‌ఫోనుల కొలతలను వాని ధరలతో పోల్చి చూచి, పౌనఃపున్య ప్రతిస్పందనకును ధరకును సంబంధము కనబడలేదని ప్రకటించెను. ఎక్కువ ధర మెత్తని దిండ్లకు, గట్టి కట్టడమునకు, కంపెనీ పేరునకు చెల్లవచ్చును. ధ్వని సమతూకమునకు అది హామీ కాదు.

ఇక తీగ లేని హెడ్‌ఫోనులు. మా పొరుగింటి బాలిక ఒకతె పియానో నేర్చుకొనుచున్నది. నిదానముగా వాయించునప్పుడు బాగుగనే యుండును. వేగము పెంచగానే తాళము తప్పును. "నాకు లయజ్ఞానము లేదేమో మాస్టారూ" అని కంట నీరు పెట్టుకొన్నది. చూడగా ఆమె చెవులకు బ్లూటూత్ హెడ్‌ఫోను ఉన్నది. బ్లూటూత్‌లో ధ్వనిని సంకేతముగా కుదించి, పంపి, నిలువజేసి, మరల విప్పవలెను. ఇందులకు సామాన్యముగా 100 నుండి 200 మిల్లీసెకనులు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. గాలిలో శబ్దము సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును గనుక, 150 మిల్లీసెకనుల ఆలస్యమనగా పియానోను 50 మీటర్ల దూరమున నుంచి వాయించుటయే. నిమిషమునకు 120 దెబ్బల వేగమున, దెబ్బకు నాలుగు స్వరముల చొప్పున వాయించినచో స్వరమునకు స్వరమునకు నడుమ వ్యవధి 125 మిల్లీసెకనులు మాత్రమే. అనగా మొదటి స్వరము చెవిని చేరకమునుపే వ్రేలు రెండవదానిని నొక్కియుండును. పాట వినునప్పుడు అంతయు ఒకే విధముగా ఆలస్యమగును గనుక హాని లేదు. వాయించువానికి అది విషము. ప్రత్యేక రేడియో ప్రసారిణితో వచ్చు కొన్నిటిలో ఆలస్యము బాగుగ తక్కువ. కాని సాధనకు తీగయే నమ్మకమైనది. తీగ హెడ్‌ఫోను పెట్టుకొన్న దినముననే ఆ బాలిక చేయి కుదుటపడినది. తప్పు వ్రేళ్లది కాదు.

ఓముల లెక్క ఎక్కువైనకొలది నాణ్యము ఎక్కువనుట మరియొక భ్రమ. ఇంపెడెన్సు అను ఈ అవరోధము 32 ఓములైనచో, ఒక వోల్టు వద్ద హెడ్‌ఫోను గ్రహించు సామర్థ్యము సుమారు 31 మిల్లీవాట్లు. 300 ఓములైనచో 3.3 మాత్రమే. సెన్‌హైజర్ హెచ్‌డి 600 మంచి పేరున్నదే. కాని అది 300 ఓములది. బలహీనమైన పియానోకు తగిలించినచో మీట చివరి వరకు త్రిప్పినను ధ్వని చాలకపోవచ్చును. పైగా అది వెనుక తెరచియుండు రకము: ధ్వని విశాలముగా వినబడును గాని, లోపలి ధ్వని బయటికిని, బయటి మోత లోపలికిని వచ్చును. నిశ్శబ్దమైన గదిలో అది సుఖము. ఫ్యాను తిరుగుచు, కుక్కరు కూయుచుండు ఇంటిలో ఆ మోతను మించుటకై వినువాడు ధ్వనిని పెంచును. అట్టియెడ బేయర్‌డైనమిక్ డిటి 770 ప్రో వంటి మూసిన రకము మేలు. అది 32, 80, 250 ఓములలో దొరకును.

ధ్వనిని పెంచుటయే అసలు ప్రమాదము. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు పెద్దలకు వారమునకు 40 గంటలు 80 డెసిబెల్లు, పిల్లలకు 75. ప్రతి 3 డెసిబెల్ల పెంపునకు కాలము సగమగును: పెద్దలకైనను 83 వద్ద 20 గంటలు, 89 వద్ద 5 గంటలే. చెవిలోపలి రోమకణములు ఒకసారి నశించినచో మరల మొలవవు. హెడ్‌ఫోను తీసిన పిదప చెవిలో గుయ్యిమన్నచో, ధ్వని మితిమీరినదని గ్రహింపవలెను.

కావున కొనబోవువారు తీగ గల, చెవిని చుట్టి కూర్చుండు హెడ్‌ఫోనును ఎన్నుకొందురు గాక. ప్లగ్గు 6.3 మిల్లీమీటర్లదా, 3.5 దా అని చూడవలెను. అంగడిలో పియానో ఉన్నచో క్రింది మెట్టు నుండి పై మెట్టు వరకు ఒకే ఒత్తిడితో, మెల్లగా వాయించి చూడుడు. ఏ స్వరమైనను హఠాత్తుగా మీదికి దూకినను, అణగిపోయినను, అంకెలెన్ని చెప్పినను ఆ హెడ్‌ఫోను మీకు పనికిరాదు.