తీగ లాగే చేతులు

శేరిలింగంపల్లి అంటే 1998లో తెరుచుకున్న సైబర్ టవర్సూ, వాటి చుట్టూ లేచిన అద్దాల మేడలూ గుర్తొస్తాయి. అదే మండలంలో, లింగంపల్లి దగ్గర సురభి కాలనీ ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’తో మొదలుపెట్టిన నాటక సమాజపు వారసులు ఉండేది అక్కడే. వీళ్లను నటులుగా అందరూ మెచ్చుకుంటారు. అంతకంటే ముందు మెచ్చవలసింది తెర వెనక పనితనాన్ని. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు నోరు తెరిస్తే లడ్డూలు గాల్లో తేలుతూ వచ్చి పడతాయి. కంటికి ఆనని తీగ, పక్కన నిలబడి లాగే మనిషి, అంతే సరంజామా. తీగ ముందే కదిలితే లడ్డూ ముక్కుకు తగులుతుంది. ఆలస్యమైతే రాక్షసుడు నోరు తెరుచుకుని నిలబడాలి. అందుకే లాగేవాడికి పద్యం ఎక్కడ విరుగుతుందో తెలియాలి. ఇంటిల్లిపాదీ వేషాలూ వేసి, తెరలూ ఎత్తే సమాజంలో అది ఉగ్గుపాలతోనే అబ్బుతుంది.

గ్రాఫిక్స్ వచ్చాక ఈ మాయ ఎవరికి కావాలనేవాళ్లున్నారు. 1957 నాటి సినిమా ‘మాయాబజార్’ కూడా లడ్డూలను ఎగరేసింది, అద్భుతంగా ఎగరేసింది. కానీ అక్కడ తప్పితే మరో టేక్ ఉంటుంది, ఇక్కడ ఉండదు. ఒక్కోసారి తీగ కనబడుతుంది, నిజమే. కనబడినా చప్పట్లు ఆగవు, చేతి నేర్పు ఎదురుగానే ఉంది గనక. ఎప్పుడూ పాత పౌరాణికాలేనా అన్న ఫిర్యాదులో కొంత న్యాయముంది. అయితే 1990లలో నాటక దర్శకుడు బి.వి.కారంత్ ఇదే సమాజంతో ‘భీష్మ’, ‘చండీప్రియ’తో పాటు బ్రెహ్ట్ నాటకం ఆధారంగా ‘బస్తీ దేవత యాదమ్మ’ కూడా ఆడించారు.