అతుకుల బొంత: మ్యూజియం గోడ మీద సమష్టి కుట్టుపని

తెలుగు సాహిత్య విమర్శలో ‘అతుకుల బొంత’ నిందావాచకం. ఏకసూత్రత లోపించిన నవలనూ, పూర్వకవుల ఛాయలను పోగుచేసుకొన్న కావ్యాన్నీ విమర్శకులు ఆ ఒక్క మాటతో తోసిపుచ్చుతారు. పొసగని పార్టీలు కలిసి నడిపే ప్రభుత్వానికి పత్రికలు పెట్టే పేరు కూడా అదే. అతుకు వేయడమంటే కూర్పు తెలియకపోవడం, దొరికినదాన్ని దొరికినట్టు కలిపేయడం అన్న ఊహ ఈ నింద వెనుక ఉంది. బొంత కుట్టే స్త్రీని ఎన్నడూ గమనించనివారి ఊహ అది. ఒరుసుకుంటుందని జరీ అంచును ఆమె ముందే విప్పి తీసేస్తుంది. వాడివాడి మెత్తబడిన నూలు చీరను ఒంటికి తగిలే వైపుకూ, గట్టి గుడ్డను నేల వైపుకూ వేస్తుంది. చిరుగు ఎక్కడ మొదలవుతుందో ఎరిగి అక్కడ కుట్లు దగ్గర చేస్తుంది. ఇదంతా నిర్ణయమే, వివేచనే. ఆ వివేచనకు విమర్శ పరిభాషలో చోటు లేకపోయింది.

ఇటువంటి పనితనానికే అమెరికాలో అర్ధశతాబ్దం కిందట మ్యూజియం తలుపులు తెరుచుకొన్నాయి. ‘క్విల్ట్’ అని వారు పిలిచే బొంత పెద్ద నగరాల కళాశాలల్లోనూ, చిన్న ఊళ్ల ప్రదర్శనశాలల్లోనూ గోడకెక్కింది. ఇది గౌరవమే, సందేహం లేదు. అయితే గోడకెక్కినది గుడ్డ మాత్రమేనా, దానితోపాటు కుట్టిన మనిషి కూడానా అన్నది వేరే ప్రశ్న. ఈ ప్రశ్నకు అన్ని ప్రదర్శనలూ ఒకే సమాధానం ఇవ్వలేదు.

చిత్రపటంగా మారిన బొంత

1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో ‘అమెరికన్ క్విల్టులలో అమూర్త రూపకల్పన’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక ప్రదర్శన జరిగింది. జొనాథన్ హోల్‌స్టీన్, గెయిల్ వాన్ డెర్ హూఫ్ సేకరించిన బొంతలవి. వాటిని తెల్లని గోడల మీద నవీన చిత్రాల వలె నిలువుగా వేలాడదీశారు. ఎంపికకు రంగుల పొందికా, రేఖల అమరికా ప్రమాణాలయ్యాయి. కుట్టినవారెవరు, ఎవరి కోసం కుట్టారు, ఏ పెళ్లికి, ఏ కాన్పుకు అన్నవి వెనుకకు జరిగాయి. మంచం మీది వస్తువును కళగా ఒప్పించడానికి ఆనాడు అదొక ఉపాయం, అది ఫలించింది కూడా. కాని రెండేళ్లు తిరగకముందే, 1973లో, ప్యాట్రిషియా మైనార్డీ తన స్త్రీవాద వ్యాసంలో ఈ పద్ధతిని నిలదీసింది. బొంతలు కుట్టిన స్త్రీలు తాము కళను సృష్టిస్తున్నామన్న ఎరుకతోనే పనిచేశారనీ, ఎందరో తమ బొంతల మీద పేర్లు కుట్టుకొన్నారనీ, వారిని అనామకులుగా చూపడం చరిత్రను తప్పుగా చెప్పడమేననీ ఆమె వాదన. జానపద వాఙ్మయమంతటికీ ‘అజ్ఞాతకర్తృకం’ అన్న ముద్ర సులువుగా వేసే అలవాటున్న తెలుగు పరిశోధనకు ఈ వాదన నేటికీ వర్తిస్తుంది.

2002లో హ్యూస్టన్ లలితకళా మ్యూజియంలో మొదలై అదే ఏడాది విట్నీకి చేరిన ‘జీస్ బెండ్’ బొంతల ప్రదర్శన ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దింది. జీస్ బెండ్ అలబామా రాష్ట్రం విల్‌కాక్స్ కౌంటీలో ఉంది. అలబామా నది మూడు వైపులా చుట్టుకొన్న పల్లె. ఒకప్పటి పత్తి తోటల బానిసల సంతతి అక్కడ నివసిస్తోంది. పెట్‌వే అనే యజమాని ఇంటిపేరే ఎన్నో కుటుంబాలకు మిగిలింది. నల్లజాతివారు ఓటు హక్కు కోసం కదిలిన కాలంలో, 1962లో, కౌంటీ కేంద్రానికి నదిని దాటించే పడవ ఆగిపోయింది. అది తిరిగి నడిచింది 2006లోనే. ఆ మధ్యకాలంలో, 1966లో, ఆ ప్రాంతపు స్త్రీలు ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ అనే సహకార సంఘం పెట్టుకొని బొంతల అమ్మకంతో సొంత ఆదాయం సంపాదించారు. 1972 నుంచి సియర్స్ సంస్థకు కార్డురాయ్ గుడ్డతో దిండు గలీబులు కుట్టిచ్చారు. ఆ పనిలో మిగిలిన కార్డురాయ్ ముక్కలు ఇళ్లకు చేరి, ఆ దశాబ్దపు బొంతలకు ఒక ప్రత్యేకమైన బరువునూ, నిగారింపునూ ఇచ్చాయి. బొంత రంగు వెనుక ఒక వ్యాపార ఒప్పందం ఉండగలదని ఈ ఉదాహరణ వల్ల తెలుస్తుంది. కేవలం రూపాన్ని చూసే కంటికి ఇది అందదు.

ప్రదర్శనలో ప్రతి బొంత పక్కనా కుట్టిన స్త్రీ పేరు ఉంది. అయినా న్యూయార్క్ పత్రికా విమర్శ ఆ బొంతలను మెచ్చుకొనడానికి మతీస్, క్లే వంటి ఐరోపా చిత్రకారులను సాక్ష్యానికి పిలిచింది. ఆ పొగడ్తలో నిజాయితీ లేదనలేము. కాని మొల్లను మెచ్చుకొనడానికి ప్రతిసారీ పోతన పద్యాన్ని పక్కన పెట్టి చూపితే మొల్ల స్థానం పెరుగుతుందా, పోతన స్థానమే మరోసారి రుజువవుతుందా? పోలిక ఎప్పుడూ కొలబద్దను చేతిలో ఉంచుకొన్నవారి వైపే మొగ్గుతుంది.

ఆ బొంతలలో మిస్సూరి పెట్‌వే 1942లో కుట్టినదాన్ని ఈ సందర్భంలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. భర్త మరణించాక, ఆయన పొలం పనికి వేసుకొన్న బట్టలను కోసి ఆమె ఈ బొంతను కుట్టింది. ఆయనను తలుచుకోవడానికీ, ఆ ప్రేమను కప్పుకొని పడుకోవడానికీ తల్లి దాన్ని కుట్టిందని కూతురు అర్లోంజియా తరువాత చెప్పింది. వెలిసిన నీలం, బూడిద రంగులలో వెడల్పాటి పట్టీలుగా సాగే దాని అమరికను రేఖాగణితంగా వివరించవచ్చు. అయితే ఆ వెలిసిన చోట్లు రంగుల ఎంపిక కావు, ఒక మనిషి ఎండలో వంగి చేసిన పని గుర్తులు. కూతురి మాట లేకపోతే ఈ విషయం చూపరికి చేరే దారి లేదు. ఇక్కడ పరిచయ వాక్యం కళాఖండానికి అనుబంధం కాదు, దానిలో భాగమే.

కీర్తి వెంట లెక్కల తగాదా కూడా వచ్చింది. 2006లో అమెరికా తపాలా శాఖ జీస్ బెండ్ బొంతలతో పది తపాలా బిళ్లలు విడుదల చేసింది. మరుసటి ఏడాదే కొందరు కుట్టుకర్తలు రాబడి, హక్కుల విషయమై సేకర్తల మీద వ్యాజ్యం వేశారు. అది 2008లో కోర్టు బయట పరిష్కారమైంది. తప్పెవరిదన్నది ఇక్కడి చర్చ కాదు. పేరు రాసినంత మాత్రాన హక్కు రాసినట్టు కాదన్న సంగతి మాత్రం ఈ వ్యవహారంలో బయటపడింది.

ఊరివారు మోసుకొచ్చిన బొంతలు

పెద్ద మ్యూజియం బొంతను వెతుక్కుంటూ వెళ్లి ఎంచుకొంటుంది. దీనికి తలకిందులైన పద్ధతి 1981లో కెంటకీలో మొదలైంది. ‘క్విల్ట్ డే’ అని ఒక రోజు ప్రకటించి, ఇళ్లలోని పాత బొంతలను తెమ్మని ఊరివారిని పిలిచారు. వచ్చిన ప్రతి బొంతకూ కొలతలు తీసి, ఫొటో తీసి, కుట్టినదెవరు, ఎవరికి దక్కింది అని అడిగి రాసుకొన్నారు. మిగిలిన రాష్ట్రాలలో చాలావరకు దీన్ని అనుసరించాయి. మిషిగన్‌లో 1984లో మొదలైన ఇటువంటి సర్వేకు ఒక విశ్వవిద్యాలయ మ్యూజియమే ఆధారమైంది. ఈ వివరాలెన్నో 2003 నుంచి ‘క్విల్ట్ ఇండెక్స్’ అనే అంతర్జాల సూచికలో చేరుతున్నాయి. తెలుగునాట తాళపత్రాల కోసం ఇల్లిల్లూ తిరిగిన పండితుల శ్రమకు ఇది దగ్గరి చుట్టమే. కాకపోతే ఇక్కడ ప్రతి సొంతదారే తన ప్రతికి వ్యాఖ్యాత.

ఈ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. పిలుపు ఎవరి చెవిన పడితే వారి బొంతలే వస్తాయి. ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాల బొంతలు ఈ సర్వేలలో తక్కువగా చేరాయన్న విమర్శ న్యాయమైనదే. పైగా ఊరి ప్రదర్శనలో అన్నింటికీ ఒకటే చప్పట్లు. బాగా కుట్టినదానికీ, ప్రేమతో మాత్రమే కుట్టినదానికీ భేదం చెప్పే ధైర్యం అక్కడ తక్కువ. విమర్శ లేని ఆదరణ కూడా ఒక విధమైన చిన్నచూపే.

అయితే ఎంపికే వద్దనుకొన్న ప్రదర్శన ఒకటుంది. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లోని నేషనల్ మాల్ మైదానంలో ఎయిడ్స్ స్మారక బొంతను పరిచారు. ఆనాడు అందులో 1,920 పలకలున్నాయి. ఒక్కొక్కటి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. సమాధి కొలతే పలక కొలత. ఆత్మీయులు కుట్టి పంపిన పలకలు, కుట్టు వచ్చినవారివీ రానివారివీ, పక్కపక్కనే చేరాయి. మృతుల పేర్లను గొంతెత్తి చదివారు. ఆ తరువాత దాని భాగాలు బడులకూ, చర్చిలకూ, చిన్న గ్యాలరీలకూ తిరుగుతూ వచ్చాయి. ఇక్కడ నైపుణ్యం ప్రమాణం కాదు, హాజరు ప్రమాణం. వంకర కుట్టు కూడా ఇక్కడ అర్థవంతమే, ఎందుకంటే అది సూది పట్టడం అలవాటు లేని చేతి దుఃఖం. విట్నీ గోడ ఏ ప్రమాణంతో ఎంచిందో ఆ ప్రమాణం ఈ మైదానంలో చెల్లదు.

కంథ, బొంత

తెలుగు నిఘంటువులు ‘కంథ’ శబ్దానికి బొంత అనే అర్థం చెబుతాయి. ఆ శబ్దమే వంగదేశంలో ‘కాంథా’గా నిలిచింది. కలకత్తా శివార్లలోని జోకాలో ఉన్న గురుసదయ్ మ్యూజియంలో గురుసదయ్ దత్ సేకరించిన కాంథాలున్నాయి. వాటిలో పంతొమ్మిదో శతాబ్దికి చెందిన మానదాసుందరి దాసి కాంథా ప్రసిద్ధం. తన తండ్రి కోసం కుట్టిన ఆ కాంథాలో అక్షరాలను ఆమె సూదితోనే రాసింది. మ్యూజియం ఫలకం కోసం ఎదురుచూడకుండా తన కర్తృత్వాన్ని తానే ప్రకటించుకొన్న రచయిత్రి ఆమె. గద్య పద్యాల చరిత్రలో ఇటువంటి లేఖనానికి చోటు కల్పించడం సాహిత్య చరిత్రకారుల బాధ్యత.

తెలుగు బొంత స్థితి వేరు. కాంథాలో బొమ్మలున్నాయి కనుక దాచారు. బొంతలో వెచ్చదనం ఉంది కనుక వాడారు. బాలింతకు పరిచారు, పసిబిడ్డకు కప్పారు, చలి రాత్రి పొలం కాపలాకు మోసుకెళ్లారు. చివరకు పీలికలయ్యేదాకా వాడారు. మ్యూజియం మిగిలినదాన్నే సేకరించగలదు. బొంత మిగలకపోవడమే అది సక్రమంగా పనిచేసిందనడానికి రుజువు. కాబట్టి తెలుగు ఊళ్లలోని ప్రదర్శనశాలలు బొంతలను ఎత్తుకొన్నా, అవి కొని అద్దాల పెట్టెలో భద్రపరిచే పద్ధతి ఈ వస్తువుకు సరిపడదు. కెంటకీ తరహాలో నాలుగు రోజులకు అరువు తెచ్చి, వివరాలు రాసుకొని, చలికాలం రాకముందే ఇంటికి తిరిగి పంపడం దీనికి తగిన పద్ధతి.

అలా రాసుకొనేటప్పుడు కంటికి కనిపించే పైపొరతో ఆగితే పని సగమే అవుతుంది. పాతబడిన బొంతను పారవేయక, దాని మీదా కిందా కొత్త గుడ్డ వేసి మళ్లీ కుట్టడం తెలుగు ఇళ్లలోనూ, అమెరికా పల్లెల్లోనూ ఉన్న అలవాటే. ఒక బొంత కడుపులో అత్తగారు కుట్టిన మరో బొంత ఉండవచ్చు, దానిలో ఆమె తల్లి పెళ్లి చీర ఉండవచ్చు. కుట్లు విప్పితే తప్ప అది బయటికి కనిపించదు. విప్పితే బొంత మిగలదు. లోపల ఏముందో చెప్పగలిగింది దాన్ని కుట్టిన మనిషి ఒక్కతే, ఆమెను అడగవలసింది కూడా ఆమె ఉన్నప్పుడే.