వేసవి వెన్నెలలో బాలల ఆటపాటలు: అక్షరానికి అందని లయ

తెలుగునాట వేసవి పసిపిల్లలకు ఒకటి కాదు, రెండు ఋతువులు. వడగాలికి తలుపులు మూసుకున్న పగలు ఒక ఋతువైతే, వాకిట నీళ్ళు చల్లి మంచాలు వాల్చిన తరువాత మొదలయ్యే వెన్నెల రాత్రి మరొకటి. బడులకు సెలవులు, అమ్మమ్మగారింట చేరిన మేనత్త, మేనమామల పిల్లలు, పనుల ఒత్తిడి తగ్గిన పెద్దలు: ఈ మూడూ కలిసినప్పుడు బాలల ఆటపాటలు ఒక తరం నుంచి మరొక తరానికి అందుతూ వచ్చాయి. పదేళ్ళ పిల్ల గురువు, నాలుగేళ్ళ పిల్ల శిష్యురాలు. ఈ బడికి పుస్తకం లేదు.

ఈ సంప్రదాయపు ప్రాచీనతను నిర్ణయించడం సులభం కాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పేర్కొన్న జానపద గేయభేదాలలో వెన్నెల పదాలున్నాయి. వాటిని పిల్లల పాటలని చెప్పడానికి ఆధారం లేదు గాని, వెన్నెలకూ పాటకూ గల అనుబంధం ఎంత పాతదో అవి సూచిస్తాయి. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) రాజుల యుద్ధాలతో పాటు ప్రజల ఆటలకు కూడా చరిత్రలో స్థానం కల్పించింది. 1955లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఆ గ్రంథం చూపిన దారి అది. నేదునూరి గంగాధరం, బిరుదురాజు రామరాజు వంటి వారి కృషి వల్ల జానపద గేయం పండితుల గౌరవానికి పాత్రమైంది. వేటూరి ప్రభాకరశాస్త్రి ‘బాలభాష’ పిల్లల నోటి మాటకు అక్షరరూపం కల్పించింది. ఈ ఋణం తీర్చలేనిది.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. అచ్చులో మనకు దక్కినది పాట పూర్తి రూపమేనా?

చెమ్మచెక్కను పరిశీలించవచ్చు. ఆ పేరులోనే లయ ఉంది. ‘చెమ్మ’ మూడు మాత్రలు, ‘చెక్క’ మూడు మాత్రలు. ఎదురెదురుగా నిలిచిన ఇద్దరు పిల్లల అరచేతులు ఈ త్రిశ్రగతి మీదనే కలుస్తాయి, విడిపోతాయి. ఒప్పులకుప్ప నడక వేరు. పాదాలు దగ్గరగా చేర్చి, చేతులు పెనవేసి, వెనుకకు వాలి గిరగిర తిరిగే ఆ ఆటకు నాలుగు మాత్రల చతురస్రగతి పట్టు. ‘ఒప్పుల’ నాలుగు మాత్రలు. ‘కుప్ప’ మూడే అయినా గొంతు దానిని నాలుగుకు సాగదీస్తుంది. కాగితం మీద మూడుగా కనిపించేది తిరిగే కాలికి నాలుగు. పాట వేగం పెరిగితే దేహం వేగం పెరుగుతుంది, ఒకరి బరువును మరొకరు మోయకపోతే ఇద్దరూ పడిపోతారు. ఆ పాటలోని పరస్పర విశ్వాసం పదాలలో లేదు, పిడికిలి పట్టులో ఉంది.

కాళ్ళాగజ్జ ఇంకా చిన్నవారిది. వరుసగా కాళ్ళు చాపి కూర్చున్న పిల్లల పాదాలను ఒకరు తాళం ప్రకారం తాకుతూ పోతారు. పాట ఎక్కడ ముగిస్తే అక్కడి కాలు ముడుచుకోవాలి. లెక్క నేర్వని శిశువు తన వంతు కోసం నిరీక్షించడం, తప్పుకోవలసి వస్తే ఒప్పుకోవడం ఇక్కడే అభ్యసిస్తాడు. ఈ పాటల్లో అర్థం తెగిపోయే చోట్లను లోపంగా భావించే విమర్శకులు ఆటను చూడకుండా పాఠాన్ని మాత్రమే చదివినవారు. అక్కడ మాట పని అర్థం చెప్పడం కాదు, అడుగు వేయించడం.

రవీంద్రనాథ్ ఠాగూర్ వంగదేశపు శిశుగేయాలను సేకరించి, 1907 నాటి ‘లోకసాహిత్య’ గ్రంథంలో వాటిపై వ్యాసాలను చేర్చారు. ఒకే గేయానికి పలు పాఠాలు దొరికినప్పుడు ఏదీ త్యజింపదగినది కాదన్నది ఆయన దృష్టి. తెలుగు సేకరణకు కూడా ఇది శిరోధార్యం. కోస్తా పాఠాన్ని ప్రమాణమని, తెలంగాణ, రాయలసీమ పాఠాలను అపభ్రంశాలని తలచడం శాస్త్రం కాదు. అయితే పాఠభేదాలతో పాటు ఆటభేదాలను కూడా నమోదు చేయాలన్నది ఠాగూర్ సూత్రానికి సహజమైన కొనసాగింపు.

ఈ పాటలన్నిటినీ నిర్దోషాలని కొనియాడడమూ విమర్శ కాదు. ఆడపిల్ల బ్రతుకును అత్తింటి చుట్టూనే తిప్పే భావాలు, కులాన్నో దేహలోపాన్నో ఎగతాళి చేసే మాటలు కొన్నింటిలో చోటు చేసుకున్నాయి. భాండాగారం వాటిని యథాతథంగా భద్రపరచాలి, శిశుతరగతి వివేచనతో ఎంచుకోవాలి. ఈ రెండు బాధ్యతలను కలగాపులగం చేస్తే చరిత్ర చెరిగిపోవచ్చు, లేదా పసిమనసు గాయపడవచ్చు.

న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ఆకాశవాణి ద్వారా పిల్లల గొంతును ఇంటింటికీ చేర్చారు. వారు 1945లో ప్రారంభించిన ‘బాల’ పత్రిక ఆ గొంతుకు అచ్చును జోడించింది. నేడు అరచేతిలోని తెర పాటతో పాటు బొమ్మనూ చూపుతున్నది. కాని తెర ముందు కూర్చున్న శిశువుకు ఎదుట అరచేయి లేదు. పాట వినబడుతుంది, బొమ్మ ఆడుతుంది, బిడ్డ మాత్రం కదలడు. చెమ్మచెక్కకు రెండవ మనిషి కావాలన్న మౌలిక నియమం అక్కడ భంగమవుతున్నది.

2020 నాటి జాతీయ విద్యా విధానం, 2022 నాటి పునాది దశ పాఠ్యప్రణాళికా చట్రం శిశువిద్యకు ఆటనూ, ఇంటి భాషనూ ఆధారంగా గ్రహించాయి. ఈ ఆశయానికి వలసిన సామగ్రిని ఎక్కడి నుంచో దిగుమతి చేసుకోనక్కరలేదు. అంగన్‌వాడీ వాకిటికి వచ్చే అవ్వల జ్ఞాపకంలో అది ఇంకా ఉంది. పాఠం, రాగం, తాళంతో పాటు చేతుల కదలిక, పిల్లల సంఖ్య, ఆడే వేళ, గెలుపు ఓటముల నియమం కూడా నమోదైనప్పుడే ఆ సేకరణ సమగ్రమవుతుంది. అవ్వ చేతులు ఇంకా ఆ తాళాన్ని గుర్తుపట్టగల ఈ కొద్దికాలమే అందుకు గడువు. పుస్తకంలో నిలిచిన పాటను ఎప్పుడైనా చదువుకోవచ్చు, ఆగిపోయిన ఆటను మాత్రం ఏ పుస్తకం చూసీ మళ్ళీ మొదలుపెట్టలేం.