పీపా పక్కన నిలబడి

ఫ్రాన్స్‌లోని బర్గండీలో వైన్ రుచి చూడడానికి వెళ్తే రాజభవనాల్లాంటివి పెద్దగా ఎదురుపడవు. ఊరి వీధిలో మామూలు ఇల్లు, పెరట్లో ట్రాక్టరు, కింద నేలమాళిగ. ముందే ఫోన్ చేసి వేళ అడగాలి. తలుపు తీసేది చాలాచోట్ల ద్రాక్ష పండించిన మనిషే.

ఆ చేతులు చూడాలి. చలికాలమంతా తోటలో నడుం వంచి, ఒక్కో తీగకూ ఏ రెమ్మ ఉంచాలో ఏది కత్తిరించాలో తేల్చిన చేతులవి. 228 లీటర్ల ఓక్ పీపాలోంచి గొట్టంతో కాస్త వైన్ పైకి లాగి మన గ్లాసులో వదులుతారు. చెక్కలోంచి వైన్ కొద్దికొద్దిగా ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఖాళీలో గాలి చేరితే సరుకు చెడుతుంది కనుక తరచూ అంచుదాకా నింపాలి. ఎవరూ మెచ్చుకోని ఈ చాకిరీలోనే నాకు అసలు పనితనం కనిపిస్తుంది.

రుచి చూసి ఉమ్మేయడం అక్కడ తప్పు కాదు. బండి నడపాలిగా!

అక్కడి తోటలు చిన్న చిన్న ముక్కలుగా ఉంటాయి. అలా ముక్కలవడానికి ఫ్రెంచి విప్లవంతో పాటు 1804 నాటి నెపోలియన్ చట్టమూ కారణం. దాని ప్రకారం ఆస్తి పిల్లలందరికీ సమానంగా పంచాల్సిందే. ఒకప్పుడు సిస్టర్షియన్ సన్యాసులదైన క్లో ద వూజో అనే తోట సుమారు 50 హెక్టార్లు; ఇవాళ దానికి యజమానులు 80 మంది దాకా. కొందరివి కొన్ని వరుసలే. అయినా ఒక మడి వైన్‌ను పక్క మడి వైన్‌తో కలపడానికి పండించేవాళ్లకు మనసొప్పదు. అదే పినో న్వార్ ద్రాక్ష, అదే చెయ్యి, అయినా రుచి వేరు. ఎందుకని అడిగితే నేల వాలు గురించి, అడుగున ఉన్న సున్నపురాయి గురించి గంటసేపైనా చెబుతారు.