లక్షణానికీ రేఖకూ నడుమ: డ్రాగన్ జాతుల అభిమాన చిత్రణ – వ్యాళ సంప్రదాయం

కీలకపదాలు: అభిమాన చిత్రణ, డ్రాగన్, వ్యాళం, లక్షణం, సంధి, రామప్ప.

1. ప్రవేశిక

నచ్చిన నవలలోని పాత్రలనూ ప్రాణులనూ పాఠకులు స్వయంగా గీసుకోవడమే అభిమాన చిత్రణ. ఇతరుల కల్పనపై ఆధారపడుతుంది గనుక దీన్ని అనుకరణగా కొట్టిపారవేయడం తేలిక. ఆ తీర్పు ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడానికి వర్ధన్నపేట ఉన్న ఓరుగల్లు ప్రాంతపు కాకతీయ శిల్పమే తగిన ఆధారాన్ని అందిస్తుంది.

2. నవలలోని జాతులు

టూయి టి. సదర్లాండ్ ఆంగ్ల నవలామాల ‘వింగ్స్ ఆఫ్ ఫైర్’ 2012లో ప్రారంభమైంది. తొలి నవలల కథాస్థలమైన పిరియా ఖండంలో ఏడు డ్రాగన్ జాతులున్నాయి. వాటి రూపాన్నీ శక్తులనూ రచయిత్రి గ్రంథారంభంలోనే లక్షణాలుగా వివరిస్తారు. శాండ్‌వింగ్‌కు తోక చివర తేలుకొండి వంటి ముల్లు. సీవింగ్‌కు మొప్పలు, చీకటిలో వెలిగే చారలు. రెయిన్‌వింగ్‌కు రంగులు మారే పొలుసులు. ముఖచిత్రాల్లో జాయ్ ఆంగ్ వీటికి రూపమిచ్చారు. అయితే ఒక చిత్రం చూపగలిగేది ఒక భంగిమనే. నిద్రించే శాండ్‌వింగ్ తన ముల్లు తనకే గుచ్చుకోకుండా తోకను ఎలా చుట్టుకుంటుంది? ఇటువంటి ప్రశ్నకు సమాధానాన్ని గీసేవారే ఊహించాలి. ఆ ఊహకు మూలం పఠనమే.

3. శిలలోని జాతులు

11వ శతాబ్దికి చెందిన భోజుని ‘సమరాంగణ సూత్రధారం’ 16 వ్యాళాలను పేర్కొంటుంది. సింహం, ఏనుగు, గుర్రం, చిలుక, కోడి మొదలైన ముఖభేదాలను బట్టి ఇక్కడ జాతిభేదం ఏర్పడుతుంది. రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో నిర్మించిన రామప్ప ఆలయంలో, స్తంభానికీ చూరుకూ నడుమ ఏటవాలుగా నిలిచిన శిల్పాల్లో మదనికలతోపాటు ఏనుగుపై లంఘించే వ్యాళాలూ ఉన్నాయి. ఆ శిల్పులు భోజుని గ్రంథాన్ని అనుసరించారని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. పోలిక పద్ధతికి సంబంధించినది. లక్షణం అవయవాలను చెబుతుంది. వాటిని ఒకే దేహంగా కూర్చే పని శిల్పిది. రామప్పలో రాతి ఏటవాలే మృగం పైకి లేచే భంగిమగా మారింది.

4. విలువ నిర్ణయం

ఈ రెండింటి మధ్య భేదం లేకపోలేదు. వ్యాళం ఏ ఒక్కరి సృష్టీ కాదు. డ్రాగన్ జాతులకు రచయిత్రి ఉన్నారు, ఆమెకు హక్కులున్నాయి. శిల్పికి పోషకుడున్నాడు; అభిమానికి ఇష్టమే ప్రేరణ. అయినా రెండింటికీ వర్తించే ప్రమాణం ఒకటుంది. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే అది ‘సంధి’. భిన్నమైన రూపాలు కలిసేచోట అతుకు కనిపిస్తున్నదా, దేహం ఏకమైనదా అన్నదే ప్రశ్న. రెండు జాతులకు పుట్టిన ‘సన్నీ’ అనే పాత్రకు శాండ్‌వింగ్‌లకుండే తోకముల్లు లేదు. అటువంటి దేహాన్ని జాతి లక్షణాల పట్టికను చూసి గీయడం కుదరదు. లక్షణం ఆగినచోట చిత్రకారుల వివేచన మొదలవుతుంది.

5. ముగింపు

మూలం మరొకరిదన్న కారణంతో అభిమాన చిత్రణను తిరస్కరిస్తే, లక్షణానుసారియైన శిల్పాన్నీ అదే కారణంతో తిరస్కరించవలసి వస్తుంది. అట్లని ప్రతి అభిమాన చిత్రమూ సృజన కాదు. ముఖచిత్రంలోని భంగిమను యథాతథంగా ఉంచి రంగులు మాత్రమే మార్చిన బొమ్మ మూలాన్ని కొత్తగా ప్రశ్నించలేదు. తరగతి గదిలో విద్యార్థి చిత్రాన్ని మూల్యాంకనం చేసే అధ్యాపకులు అది ఎవరి కల్పన అని కాక, మూలం చెప్పకుండా విడిచిన దేన్ని ఆ రేఖ పూరించిందని అడగడం సముచితం.