ప్రీక్వెల్ చిత్రాల్లో సాంకేతికత: కాలవైరుధ్యం – ఔచిత్యం

ఉపోద్ఘాతం

ముందు జరిగిన కథను తరువాత చెప్పే చిత్రం ప్రీక్వెల్. వైజ్ఞానిక కల్పనా చిత్రాల్లో ఈ పద్ధతి ఒక చిక్కును తెచ్చిపెడుతుంది. కథాకాలం వెనక్కి వెళుతుంటే నిర్మాణకాలం ముందుకు సాగుతుంది. ఫలితంగా తాతల నాటి యంత్రాలు మనుమల నాటి యంత్రాల కంటె ఆధునికంగా కనిపిస్తాయి. దీన్ని దర్శకుల అజాగ్రత్తగా కొట్టివేయడం సులభం. ఈ వైరుధ్యానికి గల కారణాలను, దాన్ని అంచనా వేయదగిన ప్రమాణాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

నిర్మాణకాల ప్రభావం

రిడ్లీ స్కాట్ 1979లో తీసిన ‘ఏలియన్’ కథ 2122లో జరుగుతుంది. అందులోని నోస్ట్రోమో నౌకలో మందపాటి గాజు తెరలు, వాటిపై ఆకుపచ్చ అక్షరాలు, బారులు తీరిన మీటలు కనిపిస్తాయి. ఆయనే 2012లో తీసిన ‘ప్రొమీథియస్’ ప్రధాన కథ 2093 నాటిది. 29 ఏళ్ల ముందటి ఆ నౌకలో గాలిలో వెలిగే త్రిమితీయ పటాలు, గుహలను తమంతట తామే కొలిచే ఎగిరే గోళాలు, వైద్యుడు లేకుండానే శస్త్రచికిత్స చేసే పేటిక ఉన్నాయి.

భవిష్యత్తును చూపే చిత్రం తన వర్తమానాన్నే పొడిగించి చూపుతుంది. 1979 నాటి కళాకారుల ఊహకు ఆనాటి కంప్యూటరే ఆధారం. 2012 నాటికి స్పర్శకు స్పందించే తెర ప్రేక్షకుని జేబులోకి చేరింది. ఆకుపచ్చ అక్షరాలు అతనికి గతాన్ని గుర్తుచేస్తాయే తప్ప భవిష్యత్తును స్ఫురింపజేయవు. కంప్యూటర్ గ్రాఫిక్స్ ప్రగతి కూడా దర్శకునికి కొత్త అవకాశాలు ఇచ్చింది.

కథాంతర్గత సమర్థన

అయితే ఈ భేదానికి కథలోనే మరో సమాధానం ఉంది. నోస్ట్రోమో ఖనిజాన్ని మోసుకొచ్చే సరుకు నౌక. అందులోని ఏడుగురిలో కొందరు తమ వాటా సొమ్ము గురించి వాదులాడే కార్మికులు. సిబ్బంది ప్రాణాలకే విలువ ఇవ్వని కంపెనీ వారి పనిముట్లకు విలువ ఇస్తుందా? ప్రొమీథియస్ మాత్రం కంపెనీ అధిపతి వేలాండ్ రహస్యంగా ప్రయాణించే నౌక. అక్కడి శస్త్రచికిత్స పేటిక పురుషులకే పనిచేసేలా అమర్చి ఉండటం అది ఎవరి కోసమో సూచిస్తుంది. సాంకేతికత కాలాన్నిబట్టే గాక, వర్గాన్నిబట్టి కూడా అందుతుందన్న సత్యం ఈ రెండు చిత్రాలను కలిపి చూసినప్పుడు బోధపడుతుంది.

జార్జ్ లూకాస్ 1999లో తీసిన ‘ది ఫాంటమ్ మెనేస్’లోని తళతళలాడే నౌకలనూ ఇలాగే సమర్థించవచ్చు. అది పతనానికి ముందటి గణతంత్రం; 1977 నాటి ‘స్టార్ వార్స్’లోని మాసిన యంత్రాలు సామ్రాజ్య పీడన కాలానివి. కాని 2002 చిత్రంలో గాలిలో ఎగిరిన ఆర్2-డి2 అనే యంత్రం, కథాకాలంలో తరువాతిదైన 1977 చిత్రంలో ఎడారి దాటడానికి నేలమీదే కదులుతుంది. మొదటిది రూపభేదం, రెండవది శక్తిభేదం. రూపభేదాన్ని ప్రేక్షకుడు నాటకరంగంలోని తెరలా అంగీకరిస్తాడు. శక్తి కారణం లేకుండా మాయమైతే కథలోని కార్యకారణ సంబంధమే తెగిపోతుంది.

దీనికి భిన్నమైన మార్గం గారెత్ ఎడ్వర్డ్స్ ‘రోగ్ వన్’ (2016)ది. 1977 చిత్రం మొదలయ్యే చోటికి ముగిసే ఈ కథ, ఆనాటి యంత్రాల రూపాన్నే తిరిగి నిర్మించుకున్నది. ఇక్కడ పాత చిత్రమే చారిత్రక ఆధారంగా నిలిచింది. ఆ విశ్వసనీయతకు చెల్లించిన మూల్యం ఒకటుంది: కొత్త భవిష్యత్తును ఊహించే స్వేచ్ఛ.

ముగింపు

క్షేమేంద్రుడు ప్రతిపాదించిన ఔచిత్యం ఇక్కడ ఉపయుక్తమైన ప్రమాణం. ఒక అంశం యోగ్యతను విడిగా గాక, సమగ్ర రచనతో దానికి గల పొందికను బట్టి నిర్ణయించడం ఆ సిద్ధాంత సారం. దాని ప్రకారం ప్రీక్వెల్‌లోని యంత్రం ఎంత కొత్తదన్నది అసలు ప్రశ్న కాదు. అది ఎవరి చేతిలో ఉన్నది, తరువాతి కథలో ఎందుకు లేదన్నవి అడగవలసిన ప్రశ్నలు. వాటికి చిత్రంలోనే జవాబు దొరికితే కాలవైరుధ్యం అర్థాన్ని పెంచుతుంది. అభిమానులు బయటినుంచి జవాబు అతికించవలసి వస్తే అది దోషంగానే మిగులుతుంది.